తల మీది వెన్న

నా రాతలో తప్పులుంటే ముందే క్షమించండి. మా ఆయన పోయాక, మనవలు బడికి వెళ్లే రోజుల్లో, చర్చి వెనక సాయంకాలం క్లాసులో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో మాట కాగితం మీదకి రావడానికి నాకు చాలాసేపు పడుతుంది, అందుకని నిదానంగానే చెబుతాను. ఇది అస్నాకెచ్ కథ. సంతలో ఆమె వెన్న అమ్మే చోటూ నేను కారం అమ్మే చోటూ పక్కపక్కనే. ఆమె నాతో చెప్పుకున్నదీ నేను చూసిందీ కలిపి రాస్తున్నాను. రాయమని ఆమే అంది.

అస్నాకెచ్ వెన్నకి మా ఊరు బహిర్ దార్ సంతలో మంచి పేరుంది. కొనేవాళ్లు వచ్చి నిలబడగానే ఆమె అడిగే మొదటి మాట, "తలకా, కూరకా?" అని. కూరకైతే కాస్త నిలవదైనా ఫరవాలేదు, పులుపెక్కితే రుచి కూడా. తలకైతే ఆ వారం చిలికిందే కావాలి, మజ్జిగ చుక్క లేకుండా కడిగి ఉండాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలవాసన రావాలి. తలవెన్న విషయంలో ఆమె ఎవర్నీ మోసం చేసి ఎరగదు. అందులోనూ అన్నిటికన్నా మేలైన ముద్ద అసలు అమ్మకానికే వచ్చేది కాదు. దాన్ని కూతురు తిరింగో కోసం ఆకులో చుట్టి గంప అడుగున దాచేది.

తిరింగో ఒక్కతే కూతురు. తండ్రి ఎటో వెళ్లిపోయాడు, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. ప్రతి శనివారం సంత ముగించుకు వచ్చి తల్లి గడప మీద కూర్చునేది. కూతుర్ని రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, పాయలు తీసి సన్నటి జడలు అల్లి, నడినెత్తిన వెన్నముద్ద టోపీలా పెట్టేది. పొద్దువాలే ఎండకి అది మెల్లగా కరిగి, జడల సందుల్లోంచి నుదుటి మీదకీ కణతల మీదకీ జారేది. తల్లి దాన్ని తుడవనిచ్చేది కాదు. అరచేత్తో మొహానికే రాసేసేది. మొహం నిగనిగలాడుతుంటే పిల్లకి ఏ లోటూ లేదని ఆమెకి ధీమా. వాళ్లమ్మ ఆమెకి అలాగే చేసింది, అమ్మమ్మ వాళ్లమ్మకి అలాగే చేసింది.

పదహారో ఏట తిరింగో నుదుటి మీద మొటిమలు మొదలయ్యాయి. ఆ వయసుకి అందరికీ వచ్చేవేలే అనుకున్నారు. ఊళ్లోనే ఉన్న టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చేరేసరికి నుదురంతా పరుచుకున్నాయి. తర్వాత చెంపలకి దిగాయి. కొన్ని గట్టిపడి తల బయటపెట్టకుండా లోపల్లోపలే సలిపేవి. రెండో ఏడు కాలేజీవాళ్లు ఆమెని పాఠం చెప్పడం అలవాటయ్యేందుకు ఒక బడికి పంపారు. అక్కడ ఎవరో నల్లబల్ల మీద గుండ్రటి మొహం గీసి, దాని నిండా సుద్దచుక్కలు పెట్టారు. తిరింగో తుడిచేసి పాఠం మొదలుపెట్టింది. మర్నాడూ అదే బొమ్మ. దానికీ ఓర్చుకుంది. ఆఖరికి ముందు వరసలో కూర్చునే ఒక బుడత పిల్ల దగ్గరికొచ్చి చాలా జాలిగా, "టీచర్, మిమ్మల్ని తేనెటీగలు కుట్టాయా? మా అమ్మ దగ్గర మందుంది," అంది. ఆ జాలికి ఓర్చుకోలేకపోయింది. క్రిస్మస్ సెలవులయ్యాక పిల్ల మళ్లీ వెళ్లనంది.

కాలేజీవాళ్లు కసురుకోలేదు. మిగిలిపోయిన పని వానలు వెలిశాక వచ్చే మెస్కెరెమ్ నెలలో, మా కొత్త సంవత్సరానికి బళ్లు తెరిచినప్పుడు పూర్తి చేసుకోమన్నారు. అప్పటికీ రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. మొహం బాగైతే వెళ్తాను, బాగవకపోతే పిల్లల ముందు నిలబడలేనని తిరింగో తల్లితో చెప్పేసింది. అస్నాకెచ్‌కి చదువు రాదు. కూతురు చేతిలో సుద్దముక్క చూడాలన్న కోరిక తప్ప ఆ మనిషి ఇంకేదీ కోరగా నేను వినలేదు. అందుకని ఆ మొహం సంగతేదో మెస్కెరెమ్ లోపల తానే తేల్చాలనుకుంది.

మొదట ఎండదెబ్బ అనుకుంది. వంటవాసన ఒంటి మీద ఉండగా ఎండలోకి వెళితే ఆ దెబ్బ మొహం మీద తేలుతుందని మా వైపు పెద్దలంటారు. దానికి దమకసె ఆకు నలిపి రసం పూసింది. మొహం పచ్చగా అయింది, మొటిమలు అలాగే ఉన్నాయి. నిమ్మకాయలో ఉప్పు వేసి రుద్దింది. ఆ రాత్రి పిల్ల మంటకి నిద్రపోలేదు. పక్కింటి బాంచి వచ్చి, ఇవన్నీ ఎందుకు అక్కా, పెళ్లి చేసెయ్యి, మొదటి కాన్పుకల్లా మొహం అద్దంలా అయిపోద్ది, నాకు అవలేదా అంది.

"నీకు మొటిమలు పోయాయి పిన్నీ, మొగుడు మిగిలాడు," అంది తిరింగో లోపల్నుంచి.

బాంచి కూడా నవ్వింది. ఆ ఇంట్లో అప్పటికింకా నవ్వులు ఉండేవి.

ఎండదెబ్బ కాదంటే తలలో వేడి అయ్యుంటుందని అస్నాకెచ్ తేల్చుకుంది. వేడికి విరుగుడు ఆమెకి తెలిసింది ఒక్కటే. మొటిమలు ఎక్కువయ్యేకొద్దీ నెత్తిన వెన్నముద్ద పెద్దదయింది.

అంతలో ఈస్టరుకి ముందు దాదాపు రెండు నెలలు పట్టే పెద్ద ఉపవాసం వచ్చింది. ఆ రోజుల్లో మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు. అస్నాకెచ్ ఇంట్లో అయితే వెన్న తలకి కూడా తగలకూడదు. ఆ వాసన తల మీద పెట్టుకుని ప్రార్థనకి నిలబడితే ఉపవాసం ఏంటని ఆమె పట్టుదల. ఎలాగూ ఆ నెలల్లో వెన్న అడిగే నాథుడు ఉండడు. అందుకని ఆ ఏడు గంప బోర్లించి, కూతుర్ని వెంటబెట్టుకుని కొండల్లో ఉన్న ఒక తీర్థానికి వెళ్లింది. ఉపవాసమంతా అక్కడే ఉన్నారు. తెల్లవారుజామున వరసలో నిలబడితే చర్చి గురువు సిలువ ఆనించి చల్లటి ఊటనీళ్లు తల మీదా మొహం మీదా గుమ్మరించేవాడు. మధ్యాహ్నం దాటాక ఇంత ఇంజెరా రొట్టె, ఇంత శనగపిండి పులుసు. రాత్రి రేకుల పాకలో అందరితో పాటు చాప మీద పడుకోవడం.

మొదట్లో ఏమీ కనపడలేదు. తర్వాత కొత్తవి రావడం ఆగింది. తర్వాత ఉన్నవి ఎండాయి. మట్టల ఆదివారం నాటికి నుదురు చదునైంది, మచ్చలు మాత్రం మిగిలాయి. అస్నాకెచ్ బొటనవేలితో ఆ నుదురంతా తడిమి తడిమి చూసి, అక్కడే మోకాళ్ల మీద కూర్చుని మొక్కుకుంది. ఈ మొహం ఇలాగే నిలిస్తే ఊరేగింపుల్లో పట్టే జరీ అంచు గొడుగు అక్కడి చర్చికి తెచ్చి ఇస్తానంది. తిరింగో కూడా చాలా రోజుల తర్వాత పైన కప్పుకునే నెటెలా గుడ్డ మొహం మీదకి లాక్కోకుండా, భుజాల మీదే వదిలేసి జనంలో నడిచింది.

ఈస్టరుకి ఇంటికొచ్చారు. పండగనాడు కోడికూర ముందు కూర్చోకముందే అస్నాకెచ్ కూతుర్ని మోకాళ్ల మధ్యకి పిలిచింది. పల్లె నుంచి ప్రత్యేకం తెప్పించిన వెన్న. ఉపవాసమంతా ఎండిన తలకి, దేవుడు బాగుచేసి ఇచ్చిన మొహానికి ఇంత చిన్న ముద్దేం సరిపోతుందని రెండు ముద్దలు పెట్టింది. అది కరిగి, కొత్తగా చదునైన నుదుటి మీదకి జారుతుంటే ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఆ మాట నాతో చెప్పినప్పుడల్లా అస్నాకెచ్ అక్కడే ఆగిపోయేది.

మళ్లీ శనివారాలు మొదలయ్యాయి. వానలు ఇంకా పడకముందే మొటిమలూ మొదలయ్యాయి. ఈసారి ఇంకా పెద్దవి, నొక్కితే చీమూ నెత్తురూ వచ్చేవి. తిరింగో ఓర్చుకోలేక గోళ్లతో చిదిమేది, చిదిమినచోట గుంటలు పడ్డాయి.

గొడుగు ఇవ్వనందుకే ఇదంతా అని తల్లికి తోచింది. వాళ్లమ్మ ఇచ్చిన వెండి కమ్మలు అమ్మి, ఎర్ర మఖమలు మీద బంగారు కుచ్చుల గొడుగు కొని, తీర్థానికి మోసుకెళ్లి ఇచ్చి వచ్చింది. మొహంలో మార్పు లేదు. అప్పుడు బాంచి మెల్లగా ఒక మాట వేసింది. ఉపవాసంలో తగ్గి పండగయ్యాక తిరిగొచ్చిందంటే, పండగయ్యాక ఏం జరిగిందో పిల్లనే అడగాలి కదా అక్కా అంది. ఆ మాట అస్నాకెచ్ లోపల కుట్టిన ముల్లులా ఉండిపోయింది. ఒక శనివారం, నెత్తిన వెన్న పెట్టి మెడ వెనక తుడుస్తూ అడిగేసింది.

"నాకు తెలీకుండా ఏమన్నా చేశావా తల్లీ? ఎవరితోనన్నా?"

తిరింగో వెనక్కి తిరగలేదు. వెన్న కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"నా మొహం చూసి కూడా ఆ మాట ఎలా అడగగలిగావమ్మా?" అంది.

"దేవుడు ఇచ్చింది ఊరికే వెనక్కి తీసుకోడుగా."

ఆ తర్వాత పిల్ల మాట్లాడటం తగ్గించేసింది. అడిగితే ఊ, లేకపోతే ఊహూ. కానీ శనివారం వచ్చేసరికి తల మాత్రం తెచ్చి తల్లి మోకాళ్ల మధ్య పెట్టేది. వాళ్లిద్దరి మధ్యా అదొక్కటే మిగిలింది. తల్లి ఆ వెన్న ఇంకా శ్రద్ధగా పెట్టేది.

వానాకాలంలో కాలేజీ స్నేహితురాలు ఒక ట్యూబు పంపింది. రాసుకుంటే వారంలో తగ్గుతుందని, మా హాస్టల్లో అందరూ ఇదే వాడతారని చెప్పి పంపింది. తిరింగో తల్లికి చెప్పకుండా రాసుకుంది. నిజంగానే వారం తిరక్కుండా ఎరుపు పోయింది, వాపులు అణిగాయి, మొహం తేటపడి ఒక ఛాయ తెల్లబడింది కూడా. అస్నాకెచ్ అది చూసి దేవుడికి గొడుగు ముట్టిందనుకుంది. సంతలో అందరికీ చెప్పుకుంది, నాకూ చెప్పింది. నేను కూడా ఆమె చేతులు పట్టుకుని సంతోషించాను. పిల్లకి కాలేజీ బట్టలు కుట్టించింది. మెస్కెరెమ్ దగ్గరికొస్తోంది.

ఆ తేట నిలవలేదు. చెంపల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడింది. ఎండ తగిలితే మండేది. చెంపల మీద నూగు వెంట్రుకలు మొలిచాయి. ఒకరోజు రాయకపోతే ఆవగింజల్లా సన్నటి ఎర్ర మొటిమలు మొహమంతా ఒక్కసారి లేచేవి, రాస్తే కాస్త అణిగేవి. రాసే కొద్దీ ఇంకా రాయాల్సొచ్చింది. చివరికి తిరింగోనే ఖాళీ ట్యూబు తెచ్చి తల్లి ఒళ్లో పెట్టి ఏడ్చింది. ఇద్దరూ పేటలోని ఆసుపత్రికి వెళ్లారు.

అక్కడి నర్సు లుబాబా కొంబోల్చా వైపు మనిషి, ముస్లిం. సిస్టర్ అని పిలిస్తే చాలు, ఎంత జనం ఉన్నా తలెత్తి చూసే మనిషి. మొహం దేనితో కడుగుతావు, ఏం రాశావు, ఎన్నాళ్లు రాశావు, ఎప్పుడు తగ్గింది అని ఒక్కొక్కటీ అడిగింది. అస్నాకెచ్ ఉపవాసం సంగతి, తీర్థం సంగతి, గొడుగు సంగతి కూడా చెప్పింది. లుబాబా వింటూ తిరింగో నుదుటి అంచున, జుట్టు మొదలయ్యేచోట వేలు పెట్టి చూసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఉపవాసంలో తలకి వెన్న పెట్టావా అమ్మా?"

"అయ్యో, ఉపవాసంలో ఎలా పెడతాను?" అంది అస్నాకెచ్. అని, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

లుబాబా గొంతు తగ్గించి చెప్పింది. ఈ వయసులో చర్మం తన నూనె తానే ఎక్కువగా ఊరబెట్టుకుంటుందట. ఒక్కో వెంట్రుక మొదట్లో సన్నటి కన్నం ఉంటుందట, నూనె బయటికొచ్చే దారి అదే. ఆ దారి మూసుకుపోతే లోపల చేరింది మురిగి వాస్తుంది. ఎండదెబ్బా వేడీ ఏమీ లేవు, మురికిగా ఉన్నందుకూ రాదు, తప్పు చేసినందుకూ రాదు. ఊరే నూనెకి తోడు పైనుంచి వెన్న మూతపెట్టినట్టు అయింది.

"మా అమ్మ నాకూ పెట్టింది. నా మొహం చూడు," అంది అస్నాకెచ్.

"నీ చర్మం ఓర్చుకుంది. అందరికీ వెన్న వల్లే వస్తాయని నేను అనను. ఈ పిల్లకి ఎలాగూ కొన్ని వచ్చేవే. ఇన్ని వచ్చేవి కావు."

ట్యూబు సంగతి అంతకన్నా కష్టమని చెప్పింది. అది దురదకీ దద్దురుకీ కొద్దిరోజులు రాసే మందు. మొటిమల మీద రాస్తే పైకి అణిచి, లోపల చర్మాన్ని పాడుచేస్తుంది. ఆపాల్సిందే, కానీ ఆపగానే మొహం ముందు బాగా రేగుతుంది. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. భయపడి మళ్లీ రాస్తే మళ్లీ మొదటికొస్తుంది. పొద్దునా సాయంత్రం మామూలు సబ్బుతో మెల్లగా కడుక్కోవాలి, రుద్దకూడదు, గిల్లకూడదు. తలకి గానీ మొహానికి గానీ జిడ్డు తగలకూడదు. రాత్రి పూట పలచగా రాసే మందు ఒకటి, మింగే గోళీలు కొన్ని ఇచ్చింది. గోళీలు వాడినన్నాళ్లు ఎండలో తిరగొద్దంది. రెండు నెలల ముందు ఏ తేడా కనపడదు, కనపడలేదని మానెయ్యొద్దు అంది.

"ఈ గుంటలు?" అని అడిగింది తిరింగో.

"పడినవి నా దగ్గరున్న మందుతో పూడవు తల్లీ. కొత్తవి పడకుండా చూసుకుందాం."

"మెస్కెరెమ్‌కి తగ్గుతుందా?" అంది అస్నాకెచ్.

లుబాబా గోళీల పొట్లం కట్టి పిల్ల చేతిలో పెట్టింది. "వచ్చే ఈస్టరుకి చూద్దాం," అంది.

ఇంటి గడప దగ్గర తిరింగో ఆగి, కోపం లేకుండా అడిగింది. "నేనేం చేశానని అడిగావు కదమ్మా ఆ రోజు. ఆ మాట ఇప్పుడు ఏం చేద్దాం?"

దానికి జవాబు కోసం అస్నాకెచ్ ఇప్పటికీ వెతుకుతూనే ఉందని నాకు తెలుసు.

నర్సు చెప్పినట్టే అయింది. ట్యూబు ఆపాక మొహం వాచి, కళ్లు చిన్నవై, తినడానికి నోరు తెరిస్తే చెంపలు నొప్పి పుట్టేవి. తిరింగో జడలు విప్పేసి, తల సబ్బుతో కడిగి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. శనివారం వచ్చేది. అస్నాకెచ్ అలవాటుకొద్దీ గడప మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ల మీద పెట్టుకునేది. వెన్నవాసన పోవాలని బూడిదతో, తర్వాత సబ్బుతో చేతులు తోముకునేది. ఎంత తోమినా చేతులకీ బట్టలకీ ఇంటి గోడలకీ అదే వాసన. ఒకసారి కూతురి తల నిమరబోతే పిల్ల వెనక్కి తగ్గింది. కావాలని కాదేమో, అయినా తగ్గింది.

కొత్త సంవత్సరం వచ్చింది. పచ్చటి పూల కట్టలు పట్టుకుని ఆడపిల్లలు ఇంటింటికీ పాడుతూ వచ్చారు. వాళ్లకి తలుపు తీయడానికి తిరింగో లేవలేదు. బళ్లు తెరిచిన రోజు పొద్దున్నే మాత్రం లేచి స్నానం చేసింది. తల్లి కుట్టించిన బట్టలు కట్టుకుని, కళ్లు తప్ప ఏమీ కనపడకుండా నెటెలా చుట్టుకుంది. అస్నాకెచ్ వెనకే నడిచింది. వీధి చివర ఆటో ఎక్కి కూర్చుంది పిల్ల. డ్రైవరు ఎదురుగా ఉన్న అద్దం సర్దుకున్నాడు. అందులో తిరింగోకి గుడ్డ చుట్టుకున్న తన మొహం కనపడింది.

"టీచర్ మొహం కప్పుకుని పాఠం చెప్పకూడదమ్మా," అని మెల్లగా అంది. దిగి ఇంటికి నడిచింది. కాలేజీలో ఆమె చోటు ఇంకొకరికి వెళ్లింది.

ఇప్పుడు కొత్త మొటిమలు కాస్త తక్కువగానే వస్తున్నాయట. లుబాబా చూసి బాగుందంది. తిరింగో వింది, ఊ అంది. ఇంట్లో అద్దం గోడకి తిప్పి ఉంటుంది. పగలు తలుపు వెనక కూర్చుని నూలు వడుకుతుంది. కాలేజీవాళ్లని మళ్లీ అడిగి చూడమని, వచ్చే ఏడు ఉంది కదా అని నేను ఒకసారి అన్నాను. అస్నాకెచ్ నా వైపు చూసి, ఏమని అడగను అంది.

ఆమె వెన్న అమ్మడం మానలేదు. ఇంకేం అమ్ముతుంది? కొన్నాళ్ల కిందట ఒకావిడ పదిహేనేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల నుదుటి నిండా మొటిమలు. తలకా కూరకా అని అడిగితే, తలకేనమ్మా, పిల్లకి తల వేడి చేసింది అంది. అస్నాకెచ్ తూకం పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పింది. వెన్న పెట్టొద్దని, లుబాబా దగ్గరికి తీసుకెళ్లమని రెండు చేతులూ జోడించి చెప్పింది. ఆవిడ నవ్వేసి, వెన్న అమ్ముకునేది వెన్న వద్దంటోందంటే సరుకు పాడై ఉంటుందని కూతురితో అంటూ పక్క దుకాణానికి వెళ్లి కొనుక్కుంది. ఇంకొకరికి చెప్పింది, వాళ్లూ అంతే. దుఃఖానికి పాపం మతి తప్పిందని సంతలో అనుకున్నారు.

ఇప్పుడు చెప్పడం మానేసింది. తలకా, కూరకా అని అడుగుతుంది. తలకంటే తాజాది తీసి ఆకులో చుట్టి ఇస్తుంది. గంప అడుగున దాచే ముద్ద ఇప్పుడు లేదు. మేలైనదే పైన పెట్టి అమ్ముతుంది.

ఎమవాయిష్, అరవై ఆరేళ్లు. ఇప్పుడు బహిర్ దార్‌లో, సంత వెనక వీధిలో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.